లైపోజోమ్‌కు యాంటీబాడీ తొడగడం: పోస్ట్-ఇన్సర్షన్ పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

లైపోజోమ్‌లు, అంటే మందును లోపల మోసే లిపిడ్ (కొవ్వు) పొర బుడగలు, తయారు చేయడం ఇప్పుడు చాలా ల్యాబుల్లో మామూలు పని. రెడీమేడ్ పెగ్-లిపిడ్లు (పెగ్ అనే పాలిమర్ గొలుసు తగిలించిన లిపిడ్లు) దొరుకుతున్నాయి కాబట్టి వాటి మీద యాంటీబాడీ అతికించడం కూడా అంత కష్టమేం కాదు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒక్కో లైపోజోమ్ మీద ఎన్ని యాంటీబాడీలు కూర్చున్నాయో చెప్పగలరా? కణం దాన్ని పట్టుకున్నది ఆ యాంటీబాడీ వల్లేనని చూపించగలరా? ఈ రెండింటికీ జవాబు లేకపోతే కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ బొమ్మ ఎంత అందంగా వచ్చినా దానికి విలువ లేదు. అందుకే ఇందులో కెమిస్ట్రీకి ఎంత చోటిచ్చానో లెక్కలకూ కంట్రోళ్లకూ అంతే చోటిచ్చాను.

ఉదాహరణగా తీసుకున్నది రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఉండే హెర్2 రిసెప్టర్, దాన్ని పట్టుకునే ట్రాస్టుజుమాబ్ యాంటీబాడీ. దీనికి కారణాలున్నాయి. ఈ జంట మీద ఇరవై ఏళ్లకు పైగా పని జరిగింది. ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్లు (అసలు మందును పోలిన రూపాలు) మన దేశంలో 2014 నుంచి దొరుకుతున్నాయి. హెర్2 దండిగా ఉన్న కణాలు, దాదాపు లేని కణాలు రెండూ సులువుగా పెరుగుతాయి. పద్ధతి చేతికొచ్చాక యాంటీబాడీ మార్చుకోవడం మీ ఇష్టం.

లిగాండ్ ఎంపిక

లిగాండ్ అంటే రిసెప్టర్‌ను పట్టుకోవడానికి లైపోజోమ్‌కు తొడిగే అణువు. మొత్తం యాంటీబాడీ సుమారు 150 కిలోడాల్టన్ల బరువుంటుంది. నేర్చుకోవడానికి, కణాల మీద పరీక్షించడానికి ఇది చాలు. జంతువుల్లోకి వెళ్లాలంటే మాత్రం దాని ఎఫ్‌సీ భాగం (యాంటీబాడీ తోక) ఇబ్బంది పెడుతుంది. కాలేయంలో, ప్లీహంలో ఉండే మాక్రోఫేజ్‌లు ఆ భాగాన్ని గుర్తుపట్టి లైపోజోమ్‌ను రక్తంలోంచి లాగేస్తాయి. అందుకే జంతు ప్రయోగాల్లో ఎఫ్‌సీ లేని, పట్టుకునే భాగం ఉన్న ఫాబ్ ముక్కలు, సింగిల్ చైన్ ముక్కలు వాడతారు. ఫాబ్ ముక్కల్లో ఫాబ్ ప్రైమ్ (Fab′) రకానికి హింజ్ (మడత) దగ్గర సహజంగానే థయోల్ (గంధకం-హైడ్రోజన్ గుంపు) దొరుకుతుంది కాబట్టి అది ఎప్పుడూ ఒకే దిశలో నిలబడుతుంది. అదనంగా వచ్చే లాభం ఇది.

చిన్న లిగాండ్లతో పని ఇంకా తేలిక. ఫోలేట్, మాన్నోజ్, ఆర్‌జీడీ పెప్టైడ్ లాంటివి లిపిడ్‌కు ముందే అతికించి అమ్ముతారు, లైపోజోమ్ కోసం ఆరబెట్టే లిపిడ్ ఫిల్మ్‌లో కలిపేస్తే సరిపోతుంది. కానీ వాటికీ షరతులున్నాయి. ఫోలేట్‌ను లిపిడ్ తలకు నేరుగా అతికిస్తే రిసెప్టర్‌కు అందదు, మధ్యలో పొడవాటి పెగ్ గొలుసు ఉండాలి. పైగా మామూలు ఆర్‌పీఎంఐ 1640 మీడియంలో లీటరుకు 1 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అందులో పెంచిన కణాల మీద ఫోలేట్ లైపోజోమ్ పరీక్షిస్తే రిసెప్టర్లు అప్పటికే నిండిపోయి ఉంటాయి. ఫోలేట్ లేని మీడియం తప్పనిసరి.

లిగాండ్ ఎప్పుడూ ప్రొటీనే కానక్కర్లేదు. 2005లో హైదరాబాద్‌లోని ఐఐసీటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్ మందును పెగ్-లిపిడ్ చివర అతికించి, సిగ్మా రిసెప్టర్లు ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలకు జన్యువుల్ని చేరవేశారు. రిసెప్టర్‌ను పట్టుకునే చిన్న అణువు ఏదైనా, దాని పట్టు చెడకుండా ఒక కొస దొరికితే లిగాండ్ అవుతుంది.

ఈ పద్ధతే ఎందుకు

1980లో లైపోజోమ్‌లకు యాంటీబాడీలను సమయోజనీయ బంధంతో అతికించిన తొలి పరిశోధనలు వచ్చాయి. 1982లో ఫ్రాంక్ మార్టిన్, పాపహాజోపౌలోస్‌లు మాలీమైడ్-థయోల్ చర్యను (మాలీమైడ్ గుంపు థయోల్‌ను పట్టుకుని బంధం కట్టడం) ఫాబ్ ముక్కలకు వాడి చూపించారు. తర్వాత పెగ్ పూత వచ్చింది, దానితో కొత్త సమస్యా వచ్చింది. యాంటీబాడీ లిపిడ్ పొర మీదే ఉంటే చుట్టూ ఉన్న పెగ్ గొలుసులు దాన్ని కప్పేస్తాయి. కాబట్టి యాంటీబాడీ పెగ్ చివర ఉండాలి.

అలా అతికించడానికి రెండు దారులు. తయారైన లైపోజోమ్ మీద ముందే మాలీమైడ్-పెగ్-లిపిడ్ ఉంచి, దాని మీదే చర్య జరపడం ఒకటి. యాంటీబాడీని విడిగా పెగ్-లిపిడ్ మైసెల్‌కు (పెగ్-లిపిడ్లు నీళ్లలో తమంతట తామే కట్టే చిన్న గుంపు) అతికించి, ఆ మైసెల్‌ను లైపోజోమ్‌తో కలిపి వేడి చేయడం రెండోది. రెండో పద్ధతిలో యాంటీబాడీ అతికిన లిపిడ్, మైసెల్‌ను వదిలి లైపోజోమ్ బయటి పొరలోకి దూరిపోతుంది. థెరిసా అలెన్ బృందం 1999లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతినే పోస్ట్-ఇన్సర్షన్ అంటారు.

నేను రెండోదే చెబుతాను. మొదటి పద్ధతిలో మాలీమైడ్ లిపిడ్ సగం లోపలి పొరలో పడి వృథా అవుతుంది, ఫిల్మ్ హైడ్రేషన్ వేడికి కొంత పాడవుతుంది కూడా. పోస్ట్-ఇన్సర్షన్‌లో లైపోజోమ్ వేరుగా, లిగాండ్ వేరుగా తయారవుతాయి. ఒకే బ్యాచ్ లైపోజోమ్‌ను నాలుగు భాగాలు చేసి ఒకదానికి ట్రాస్టుజుమాబ్, ఒకదానికి సంబంధం లేని యాంటీబాడీ, ఒకదానికి ఖాళీ మైసెల్ పెట్టి, ఒకటి అలాగే ఉంచవచ్చు. కంట్రోళ్లన్నీ ఒకే బ్యాచ్ లైపోజోమ్ నుంచి వస్తాయి. ఈ సౌకర్యం ఇంకే పద్ధతిలోనూ ఇంత తేలికగా దొరకదు.

అమీన్‌ను కార్బాక్సిల్‌కు అతికించే కార్బోడైఇమైడ్ చర్యను యాంటీబాడీలకు నేను సిఫార్సు చేయను. యాంటీబాడీ మీద అమీన్లు, కార్బాక్సిల్‌లు రెండూ ఉంటాయి కాబట్టి అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. బయోటిన్-స్ట్రెప్టావిడిన్ కణాల మీద త్వరగా చూడటానికి పనికొస్తుంది గానీ స్ట్రెప్టావిడిన్ బ్యాక్టీరియా ప్రొటీన్, శరీరంలో రోగనిరోధక ప్రతిస్పందన తెస్తుంది. క్లిక్ కెమిస్ట్రీ మంచిదే, రియేజెంట్లకు ఖర్చు మాత్రం ఎక్కువ.

ముందు కాగితం మీద లెక్క

పిపెట్ పట్టుకునే ముందు ఈ లెక్క చేయండి. 100 నానోమీటర్ల వ్యాసం, ఒకే పొర ఉన్న లైపోజోమ్ బయటి వైశాల్యం సుమారు 31,400 చదరపు నానోమీటర్లు. పొర మందం 5 నానోమీటర్లు అనుకుంటే లోపలి వైశాల్యం 25,400. రెండూ కలిపి 56,800. ఒక్కో లిపిడ్ తల 0.7 చదరపు నానోమీటర్లు ఆక్రమిస్తే దాదాపు 80,000 అణువులు. కొలెస్టరాల్ ఉంటే అణువులు దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి నిజ సంఖ్య ఇంకా పెరుగుతుంది. పోల్చడానికి మాత్రం అందరూ వాడే 80,000 చాలు. ఏ సంఖ్య వాడారో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు 2 మి.లీ. లైపోజోమ్, మొత్తం లిపిడ్ గాఢత 10 మిల్లీమోలార్ అనుకుందాం. అంటే 20 మైక్రోమోల్‌ల లిపిడ్. దాన్ని 80,000తో భాగిస్తే 0.25 నానోమోల్ లైపోజోమ్‌లు. ఒక్కో దాని మీద 30 యాంటీబాడీలు కావాలంటే 7.5 నానోమోల్‌లు, అంటే 1.1 మి.గ్రా. యాంటీబాడీ. పెట్టినదంతా లోపలికి వెళ్లదు, కాలమ్‌లలో కొంత పోతుంది. కాబట్టి 2 మి.గ్రా.తో మొదలుపెట్టండి.

ముప్పయ్యే ఎందుకు? 1997లో కిర్‌పోటిన్ తదితరులు హెర్2 ఫాబ్ ముక్కలతో చేసిన పనిలో లైపోజోమ్‌కు సుమారు 40 ముక్కలు చేరేసరికి కణాల్లోకి వెళ్లే మోతాదు గరిష్ఠానికి చేరింది. ఆ పైన పెట్టింది వృథా. పైగా ఎక్కువ ప్రొటీన్ ఉంటే లైపోజోమ్ ముద్ద కట్టే ప్రమాదం, రక్తంలోంచి త్వరగా తొలగిపోయే ప్రమాదం పెరుగుతాయి. 10 నుంచి 40 మధ్య మంచి పరిధి.

మొదటి అడుగు: లైపోజోమ్

హెచ్‌ఎస్‌పీసీ (హైడ్రోజన్ చేర్చిన సోయా ఫాస్ఫోలిపిడ్), కొలెస్టరాల్, ఎంపెగ్2000-డీఎస్పీఈ (మామూలు పెగ్-లిపిడ్) మోల్ నిష్పత్తి 58:40:2. మార్కెట్లో ఉన్న పెగ్ పూత డాక్సోరుబిసిన్ లైపోజోమ్‌లలో పెగ్-లిపిడ్ 5 శాతం ఉంటుంది. మనం 2 దగ్గరే ఆగుతున్నాం, ఎందుకంటే మైసెల్‌తో పాటు ఇంకో 3 శాతం తర్వాత వచ్చి చేరుతుంది. మొదటే 5 పెట్టి పైన ఇంకో 3 ఎక్కిస్తే పొర బలహీనపడుతుంది.

మొత్తం 30 మైక్రోమోల్‌లకు హెచ్‌ఎస్‌పీసీ 13.6 మి.గ్రా., కొలెస్టరాల్ 4.64 మి.గ్రా., ఎంపెగ్-డీఎస్పీఈ 1.68 మి.గ్రా. తీసుకోండి. కణాల పరీక్ష కోసం తలకు రోడమిన్ అతికించిన పీఈ లిపిడ్ 0.2 మోల్ శాతం కలపండి. ఇది పొరలోంచి అంత తేలికగా ఊడిరాదు. కొన్ని రంగులు లైపోజోమ్‌ను వదిలి నేరుగా కణపొరలోకి దూకుతాయి, అప్పుడు లైపోజోమ్ వెళ్లకపోయినా కణం వెలుగుతుంది. లోపల డాక్సోరుబిసిన్ ఉంటే రోడమిన్ వద్దు, ఆ మందు తానే ఎర్రగా వెలుగుతుంది.

క్లోరోఫాంలో కరిగించి రోటావ్యాప్‌లో ఫిల్మ్ చేయండి. వాక్యూమ్‌లో రాత్రంతా ఉంచితే మంచిది. హైడ్రేషన్ బఫర్ 25 మిల్లీమోలార్ హెపెస్, 140 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, పీహెచ్ 7.4. బఫర్ 2 మి.లీ., వేడి 65 డిగ్రీలు. హెచ్‌ఎస్‌పీసీ పొర 50 డిగ్రీల పైచిలుకు వేడికి గానీ మెత్తబడదు, కాబట్టి ఎక్స్‌ట్రూడర్ బ్లాకును కూడా 65 దగ్గరే ఉంచాలి. చల్లారితే మెంబ్రేన్ చిరుగుతుంది. ముందు 200 నానోమీటర్ల మెంబ్రేన్ గుండా కొన్ని సార్లు, తర్వాత 100 నానోమీటర్ల మెంబ్రేన్ గుండా 11 నుంచి 21 సార్లు పంపండి. సరి సంఖ్య కాకుండా బేసి సంఖ్య పెట్టేది చివరి నమూనా మొదటి సిరంజిలోని మురికిలో కలవకుండా.

డీఎల్‌ఎస్‌లో (కాంతి చెదరడాన్ని బట్టి పరిమాణం కొలిచే పద్ధతి) పీడీఐ, అంటే పరిమాణాల్లో తేడా చెప్పే సూచిక, 0.1 చుట్టుపక్కల రావాలి. మందు లోపల పెట్టేది ఉంటే ఇప్పుడే పెట్టాలి. మందును లోపలికి లాగే అమోనియం సల్ఫేట్ గ్రేడియంట్ లాంటివి ఇన్సర్షన్‌కు ముందే ముగించాలి. ఫాస్ఫేట్ పరీక్ష చేసి, మొత్తం లిపిడ్ 10 మిల్లీమోలార్‌కు సర్దుకోండి.

రెండో అడుగు: యాంటీబాడీకి థయోల్

వయల్‌లోంచి తీసిన ట్రాస్టుజుమాబ్‌ను అలాగే వాడకూడదు. అందులో హిస్టిడిన్ బఫర్, ట్రెహలోజ్, పాలీసార్బేట్ 20 ఉంటాయి. హిస్టిడిన్‌కు ఉన్న అమీన్ మన రియేజెంట్‌ను తినేస్తుంది. పాలీసార్బేట్ డిటర్జెంట్, లైపోజోమ్‌కు మంచిది కాదు. ట్రిస్, గ్లైసీన్ ఉన్న బఫర్లకూ హిస్టిడిన్ మాటే వర్తిస్తుంది. సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్‌లో మూడు నాలుగు సార్లు కడిగి, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న పీహెచ్ 8 హెపెస్ బఫర్‌లోకి మార్చండి. గాఢత 2 మి.గ్రా./మి.లీ. పెట్టుకోండి. పాలీసార్బేట్ ఫిల్టర్‌లో పూర్తిగా పోదు, అది గుర్తుంచుకుని కంట్రోల్ యాంటీబాడీని కూడా ఇదే విధంగా కడగండి. ఈడీటీఏ ఎందుకంటే, నీళ్లలో ఉండే లోహపు అయాన్లు థయోల్‌లను డైసల్ఫైడ్‌గా మార్చేస్తాయి, ఈడీటీఏ వాటిని పట్టేస్తుంది.

థయోల్ ఇచ్చేది ట్రాట్ రియేజెంట్, అంటే 2-ఇమినోథయోలేన్. యాంటీబాడీకి 10 రెట్ల మోల్‌లు చాలు. 2 మి.గ్రా. యాంటీబాడీ 13.3 నానోమోల్‌లు, కాబట్టి ట్రాట్ 133 నానోమోల్‌లు. మి.లీ.కి 2 మి.గ్రా. చొప్పున అప్పటికప్పుడు కరిగించిన ద్రావణంలోంచి 9.2 మైక్రోలీటర్లు. గది ఉష్ణోగ్రతలో ఒక గంట. పాత ద్రావణం వాడొద్దు, నీళ్లలో అది పాడవుతుంది. 10 రెట్లు సరిపోలేదని 50, 100 రెట్లు వేయడం చాలామంది చేసే పని. అలా చేస్తే లైసీన్లన్నీ మారిపోయి యాంటీజెన్‌ను పట్టే చోటు దెబ్బతినవచ్చు, ఒక్కో యాంటీబాడీ నాలుగైదు మైసెల్‌లను కలిపి ముద్ద చేయవచ్చు.

గంట కాగానే స్పిన్ డీసాల్టింగ్ కాలమ్‌లో పోసి పీహెచ్ 7.0 హెపెస్-ఈడీటీఏ బఫర్‌లోకి మార్చండి. మిగిలిపోయిన ట్రాట్ ఇక్కడ పూర్తిగా పోవాలి, లేదంటే దాని థయోల్‌లే మాలీమైడ్‌లను తినేస్తాయి.

ఎన్ని థయోల్‌లు వచ్చాయో ఎల్‌మన్ పరీక్ష చెబుతుంది. కొద్దిగా నమూనా తీసి, థయోల్ తగిలితే రంగు ఇచ్చే డీటీఎన్‌బీ కలిపి 412 నానోమీటర్ల దగ్గర చదవండి. పసుపు రంగు ఇచ్చే టీఎన్‌బీ మోలార్ శోషణ గుణకం 14,150. ఉదాహరణకు బ్లాంక్ తీసేశాక రీడింగు 0.283 వస్తే, 0.283ను 14,150తో భాగిస్తే థయోల్ గాఢత 20 మైక్రోమోలార్. క్యువెట్‌లో యాంటీబాడీ 5 మైక్రోమోలార్ ఉంటే ఒక్కోదానికి 4 థయోల్‌లు. 2 నుంచి 5 మధ్య ఉంటే ముందుకెళ్లండి. ఇది 1 సెంటీమీటర్ దారి ఉన్న క్యువెట్ లెక్క. ప్లేట్ రీడర్‌లో అయితే సిస్టీన్‌తో ప్రామాణిక వక్రరేఖ వేసుకోవాలి.

ఇక్కడ ఆలస్యం చేయకూడదు. ట్రాట్ ఇచ్చిన థయోల్ కాసేపటికి తిరిగి వలయంగా ముడుచుకుని పనికిరాకుండా పోతుంది, గాలి తగిలి డైసల్ఫైడ్‌గానూ మారుతుంది. రేపు చూద్దాంలే అని ఫ్రిజ్‌లో పెడితే రేపటికి థయోల్‌లు మిగలవు. అందుకే మూడో అడుగులోని ఫిల్మ్ ముందే ఆరబెట్టి సిద్ధంగా ఉంచుకోవాలి.

మూడో అడుగు: మైసెల్, కలయిక

మాలీమైడ్-పెగ్2000-డీఎస్పీఈ 133 నానోమోల్‌లు, అంటే యాంటీబాడీకి 10 రెట్లు. బరువులో సుమారు 0.39 మి.గ్రా. దానికి నాలుగు రెట్లు మామూలు ఎంపెగ్2000-డీఎస్పీఈ, అంటే 533 నానోమోల్‌లు, 1.5 మి.గ్రా. ఈ మామూలు పెగ్-లిపిడ్ కలపకపోతే మైసెల్ మీద మాలీమైడ్‌లు కిక్కిరిసి ఉంటాయి, ఒకే యాంటీబాడీ చాలా చోట్ల అతుక్కుంటుంది. రెండూ కలిపి 667 నానోమోల్‌లు, మన 20 మైక్రోమోల్ లిపిడ్‌లో 3.3 శాతం. ఇందాక చెప్పిన 3 శాతం ఇదే.

క్లోరోఫాంలో కలిపి ఆరబెట్టిన ఫిల్మ్‌ను యాంటీబాడీ డీసాల్టింగ్ జరుగుతుండగా 0.5 మి.లీ. పీహెచ్ 7.0 బఫర్‌తో ఒకటి రెండు నిమిషాలు వెచ్చబెట్టి కరిగించండి. ద్రావణం నీళ్లలా తేటగా ఉండాలి. వెంటనే యాంటీబాడీలో పోసి, పైన ఆర్గాన్ లేదా నైట్రోజన్ ఊది, మూత బిగించి, నెమ్మదిగా తిప్పుతూ గది ఉష్ణోగ్రతలో రెండు గంటలు, తర్వాత 4 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి.

పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్యే ఎందుకు ఉండాలో తెలిస్తే తప్పులు తగ్గుతాయి. ఆ పరిధిలో మాలీమైడ్ థయోల్‌నే ఎంచుకుంటుంది. 7.5 దాటితే లైసీన్ అమీన్లతోనూ చర్య మొదలవుతుంది, మాలీమైడ్ వలయం నీటితో విచ్ఛిన్నమవడమూ పెరుగుతుంది. ట్రాట్‌కు 8, మాలీమైడ్‌కు 7. ఈ రెండు బఫర్ సీసాలను వేరువేరు రంగు టేపులతో గుర్తు పెట్టుకోండి.

మర్నాడు సిస్టీన్ 1 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి అరగంట ఉంచండి. మిగిలిన మాలీమైడ్‌లన్నీ మూసుకుపోతాయి. ఇది మానేస్తే ఖాళీ మాలీమైడ్‌లు కణపొర మీది ప్రొటీన్ థయోల్‌లకు అతుక్కుంటాయి. లైపోజోమ్ కణానికి అంటుకుంటుంది, మీరు హెర్2 వల్ల అనుకుంటారు.

నాలుగో అడుగు: ఇన్సర్షన్

మైసెల్ ద్రావణాన్ని 2 మి.లీ. లైపోజోమ్‌లో కలిపి 60 డిగ్రీల వాటర్ బాత్‌లో ఒక గంట ఉంచండి. నడుమ రెండు మూడు సార్లు నెమ్మదిగా తిప్పండి, వోర్టెక్స్ వద్దు. హెచ్‌ఎస్‌పీసీ పొర మెత్తబడే వేడి దాటి ఉండబట్టి లిపిడ్ తోకలు తేలిగ్గా దూరతాయి. ట్రాస్టుజుమాబ్ ఈ వేడిని గంటసేపు తట్టుకుంటుంది. మీ యాంటీబాడీ గురించి తెలియకపోతే ఒక చిన్న భాగాన్ని 60 డిగ్రీల్లో గంట ఉంచి ఎలైజాలో పట్టు చూసుకోండి. ఫాబ్ ముక్కలు, ట్రాన్స్‌ఫెరిన్ లాంటి ప్రొటీన్ల విషయంలో అనుమానం ఉంటే 37 డిగ్రీల్లో రాత్రంతా పెట్టవచ్చు. చొచ్చుకుపోవడం నెమ్మదిగా, కొంత తక్కువగా జరుగుతుంది.

లోపల మందు ఉంటే ఈ గంటలో ఎంత కారిందో తప్పక కొలవండి.

ఐదో అడుగు: కాలమ్

లోపలికి దూరని యాంటీబాడీ, మైసెల్‌లు ఇంకా నమూనాలోనే ఉన్నాయి. వాటిని తీసేయకపోతే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. డయాలిసిస్ ఇక్కడ పనికిరాదు, 150 కిలోడాల్టన్ల యాంటీబాడీ మామూలు సంచిలోంచి బయటికి రాదు. పరిమాణాన్ని బట్టి వేరుచేసే సెఫరోజ్ సీఎల్-4బీ జెల్ నింపిన కాలమ్ కావాలి, పొడవు కనీసం 20 సెంటీమీటర్లు.

కాలమ్‌ను ముందు ఖాళీ లైపోజోమ్‌తో ఒకసారి నడిపి బఫర్‌తో బాగా కడగండి. కొత్త జెల్ మొదటిసారి కొంత లిపిడ్‌ను పట్టేసుకుంటుంది. తర్వాత నమూనాను జెల్ మీద గీత చెదరకుండా నెమ్మదిగా దించండి. రోడమిన్ ఉండటం వల్ల లైపోజోమ్ గులాబీ రంగు పట్టీలా దిగుతూ కంటికి కనిపిస్తుంది. మంచి నమూనా అయితే పట్టీ సన్నగా, ముందంచు పదునుగా ఉంటుంది. జెల్ పైభాగంలోనే గులాబీ రంగు మరకలా మిగిలిపోయిందంటే ముద్దలున్నాయన్న మాట. లైపోజోమ్‌లు జెల్ రంధ్రాల్లోకి దూరలేవు కాబట్టి ముందుగా, శూన్య ఘనపరిమాణంలో బయటికొస్తాయి. యాంటీబాడీ, మైసెల్‌లు చాలా తర్వాత వస్తాయి. అర మి.లీ. చొప్పున ట్యూబుల్లో పట్టి, ఒక్కోదానిలో రోడమిన్, ప్రొటీన్ రెండూ చూడండి. రెండు శిఖరాల మధ్య స్పష్టమైన లోయ ఉండాలి.

మళ్లీ డీఎల్‌ఎస్ చూడండి. వ్యాసం కొన్ని నానోమీటర్లు పెరగడం సహజమే. 110 ఉన్నది 180కి దూకితే కణాల దాకా వెళ్లకండి, ఆ బ్యాచ్ పక్కన పెట్టండి.

ఆరో అడుగు: ఒక్కోదాని మీద ఎన్ని

ప్రొటీన్‌కు మైక్రో బీసీఏ పరీక్ష (రాగితో రంగు తెచ్చి ప్రొటీన్‌ను కొలిచేది) వాడవచ్చు, కానీ లిపిడ్ దానికి అడ్డం పడుతుంది. ఖాళీ మైసెల్ పెట్టిన లైపోజోమ్‌ను అదే గాఢతలో బ్లాంక్‌గా పెట్టండి, ఎస్‌డీఎస్‌తో పొర విప్పండి. మిగిలిపోయిన ఈడీటీఏ రాగిని పట్టేసి రీడింగు తగ్గిస్తుంది, సిస్టీన్ పెంచుతుంది. అందుకే కాలమ్‌ను రెండూ లేని బఫర్‌తో నడపాలి. ఇంతకంటే నమ్మకమైన దారి ఉంది. యాంటీబాడీలో కొద్ది భాగాన్ని పచ్చ ఫ్లోరోఫోర్‌తో ముందే గుర్తు పెట్టి, ఫ్లోరోసెన్స్‌తో లెక్కించడం.

లిపిడ్‌కు బార్ట్‌లెట్ ఫాస్ఫేట్ పరీక్ష. ఇక్కడే చాలా పేపర్లలో కూడా పొరపాటు దొర్లుతుంది. ఫాస్ఫేట్ పరీక్ష ఫాస్ఫోలిపిడ్‌ను మాత్రమే చూస్తుంది, కొలెస్టరాల్‌ను చూడదు. మన మిశ్రమంలో ఫాస్ఫోలిపిడ్ 60 శాతం. పరీక్షలో 3 మిల్లీమోలార్ వస్తే మొత్తం లిపిడ్ 3ను 0.6తో భాగించిన 5 మిల్లీమోలార్.

అదే నమూనాలో ప్రొటీన్ మి.లీ.కి 150 మైక్రోగ్రాములు అనుకోండి. అంటే 1 నానోమోల్. లైపోజోమ్‌లు 5 మైక్రోమోల్‌లను 80,000తో భాగిస్తే 0.0625 నానోమోల్. ఒకటిని 0.0625తో భాగిస్తే 16. ఒక్కో లైపోజోమ్ మీద సగటున 16 యాంటీబాడీలు.

ఇంకో కంట్రోల్ కూడా కాలమ్ మీద నడవాలి. మాలీమైడ్ లేని మైసెల్‌తో అదే థయోల్ యాంటీబాడీని కలిపి, అదే వేడి చేసి, లైపోజోమ్ శిఖరంలో ఎంత ప్రొటీన్ వచ్చిందో చూడండి. బంధం లేకుండా ఊరికే అంటుకుని వచ్చిన ప్రొటీన్ అది. పై 16లో 5 ఇలా వచ్చినవే అయితే మీ కెమిస్ట్రీ ఇచ్చింది 11 మాత్రమే.

ఏడో అడుగు: కణాల ముందు పరీక్ష

ఎస్‌కే-బీఆర్-3 అనే రొమ్ము క్యాన్సర్ కణానికి హెర్2 రిసెప్టర్లు పది లక్షల స్థాయిలో ఉంటాయి. ఎంసీఎఫ్-7లో బాగా తక్కువ, ఎండీఏ-ఎంబీ-468లో దాదాపు లేవు. కనీసం మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టండి.

ప్రతి కణరకానికీ లైపోజోమ్‌లు మూడు రకాలు: ట్రాస్టుజుమాబ్ ఉన్నది, ఖాళీ మైసెల్ పెట్టినది, హెర్2తో సంబంధం లేని మానవ ఐజీజీ (మామూలు యాంటీబాడీ) తొడిగినది. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఏ ప్రొటీన్ తొడిగినా లైపోజోమ్ కొంత జిగటగా మారుతుంది. ఆ జిగటను మీ టార్గెటింగ్ ఖాతాలో వేసుకోకుండా ఆపేది ఈ కంట్రోలే.

ఇంకొకటి పోటీ పరీక్ష. లైపోజోమ్ మీదున్న మొత్తం కంటే 50 నుంచి 100 రెట్లు విడి ట్రాస్టుజుమాబ్‌ను అరగంట ముందే కణాలకు ఇవ్వండి. తర్వాత లైపోజోమ్ ఇస్తే సిగ్నల్ కుప్పకూలాలి. కూలకపోతే లైపోజోమ్ హెర్2 ద్వారా అంటుకోవడం లేదు, అంతే.

ఫాస్ఫోలిపిడ్ 0.1 మిల్లీమోలార్ దగ్గర మొదలుపెట్టి, ఒక సెట్టు 4 డిగ్రీల్లో, ఒకటి 37 డిగ్రీల్లో గంట చొప్పున ఉంచండి. 4 డిగ్రీల్లో కణం లోపలికి తీసుకోదు, పైన అంటుకున్నది మాత్రమే కనిపిస్తుంది. 37లో అంటుకున్నదీ లోపలికెళ్లిందీ కలిసి కనిపిస్తాయి. పైన ఉన్నదాన్ని పీహెచ్ 3 దగ్గరి గ్లైసీన్-ఉప్పు ద్రావణంతో కొద్ది నిమిషాలు కడిగి తీసేయవచ్చు. ఆ కడుగు ఎంత బాగా పనిచేస్తోందో 4 డిగ్రీల సెట్టు మీదే ముందు చూసుకోండి. ఫ్లో సైటోమెట్రీలో (ఒక్కో కణం వెలుగును విడిగా కొలిచే పద్ధతి) కనీసం పది వేల కణాలు లెక్కించి, కన్‌ఫోకల్ బొమ్మ ఆ తర్వాతే తీయండి. బొమ్మతో మొదలుపెడితే కంటికి నచ్చిన కణాన్నే ఎంచుకుంటాం.

ఇదంతా సీరం లేకుండా ఒకసారి, సీరంతో ఒకసారి చేయాలి. సీరం ప్రొటీన్లు నానోపార్టికల్ చుట్టూ పొరలా కట్టి లిగాండ్‌ను కప్పేయగలవు. 2013లో ట్రాన్స్‌ఫెరిన్ తొడిగిన సిలికా నానోపార్టికల్స్ సీరంలో తమ గురిని కోల్పోయాయని ప్రచురితమైంది.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

యాంటీబాడీ అసలు అతుక్కోకపోతే ముందు ఎల్‌మన్ రీడింగు చూడండి. థయోల్ ఉంది, అయినా అతుక్కోలేదంటే మాలీమైడ్ లిపిడ్ పాతబడింది. తేమ తగిలిన పొడి సీసాలోనే పాడవుతుంది. మైనస్ 20లో పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయాలి. మైసెల్‌కు అతుక్కుంది, లైపోజోమ్ మీదికి రాలేదంటే వాటర్ బాత్ వేడిని విడి థర్మామీటర్‌తో కొలవండి. యాంటీబాడీ ఉంది, కణం పట్టుకోవట్లేదంటే ట్రాట్ మోతాదు తగ్గించి చూడండి.

జంతు ప్రయోగానికి ముందు

ప్లాస్మాలో ఉన్న ఆల్బుమిన్‌కు ఖాళీ థయోల్ ఒకటుంటుంది. మాలీమైడ్-థయోల్ బంధం నెమ్మదిగా వెనక్కి విడిపోగలదు, విడిపోయిన మాలీమైడ్‌ను ఆల్బుమిన్ అందుకుంటుంది. కాబట్టి లైపోజోమ్‌ను 37 డిగ్రీల సీరంలో 24 గంటలు ఉంచి, మళ్లీ కాలమ్ మీద నడిపి, లైపోజోమ్ శిఖరంలో ఎంత యాంటీబాడీ మిగిలిందో చూడండి. ఈ పరీక్షకు పచ్చ ఫ్లోరోఫోర్ పెట్టిన యాంటీబాడీ అక్కరకొస్తుంది, సీరంలో బీసీఏ పనిచేయదు.

అంచనాలు కూడా సరిచూసుకోవాలి. 2006లో కిర్‌పోటిన్ బృందం ఎలుకల కణితుల్లో చూసినప్పుడు, హెర్2 లైపోజోమ్‌లూ మామూలు పెగ్ లైపోజోమ్‌లూ కణితిలోకి దాదాపు ఒకే మోతాదులో చేరాయి. తేడా కణితి లోపల వచ్చింది. హెర్2 లైపోజోమ్‌లు క్యాన్సర్ కణాల లోపలికి సుమారు 6 రెట్లు ఎక్కువగా వెళ్లాయి. కణితి దాకా తీసుకెళ్లేది పరిమాణం, పెగ్, రక్తంలో తిరిగే కాలం. లిగాండ్ పని అక్కడికి చేరాక మొదలవుతుంది. ఇదే ఆలోచన మీద తయారైన ఎంఎం-302 అనే హెర్2 డాక్సోరుబిసిన్ లైపోజోమ్, రోగుల మీద రెండో దశ పరీక్షలో ప్రయోజనం కనిపించే అవకాశం లేదని తేలి 2016 డిసెంబరులో ఆగిపోయింది.

అందుకని ఎలుకల్లో కణితి మొత్తం ఫ్లోరోసెన్స్ ఒక్కటే కొలిచి ఊరుకోకండి. కణితిని కణాలుగా విడదీసి, క్యాన్సర్ కణాల్లో ఎంత, మాక్రోఫేజ్‌లలో ఎంత అని ఫ్లో సైటోమెట్రీలో విడివిడిగా చూడండి. కాలేయం, ప్లీహం కూడా తీయండి. ఐజీజీ తొడిగిన లైపోజోమ్‌ను ఇక్కడా వదలొద్దు. తయారైన నమూనాను 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి 4 డిగ్రీల్లో ఉంచండి, గడ్డకట్టనివ్వకండి. ఇంజెక్షన్ ఇచ్చే రోజు పొద్దున డీఎల్‌ఎస్ ఇంకోసారి చూసి, తయారైన రోజు రీడింగుతో కలిస్తేనే సిరంజిలోకి ఎక్కించండి.